అక్షరాలు మాత్రమే పోయే ఫోను

ఇది నేను ముందే రాయవలసింది. యాభై ఏళ్లు దాటేవరకు నాకు అక్షరాలు రావు కాబట్టి రాయలేదు. వచ్చాక కూడా రాయలేదు, ఎందుకంటే నేను రాసినదంతా ఒక్క మనిషికే రాశాను. ఆమె పోయాక ఎవరికి రాయాలో తెలియలేదు. ఇవాళ మధ్యాహ్నం నీళ్లలో నానిన చెక్కను తీసి ఆకురాయి పెట్టి అరగదీయగానే పచ్చి వాసన లేచింది. ఆ వాసన తగిలితే చాలు, "ఏమే రాహేలూ" అని వెనక నుంచి పిలిచినట్టుండేది. ఇవాళ ఆ పిలుపు వినిపించలేదు. ఎంత గుర్తు తెచ్చుకున్నా ఆ గొంతు రాలేదు. భయం వేసి, ఈ సాయంత్రం కూర్చుని ఇది మొదలుపెట్టాను.

ఆమె పేరు మస్తాన్‌బీ. మేమంతా ఆపా, అంటే అక్కా, అనేవాళ్లం. ఉదయగిరిలో కొండ కింద ఆమె ఇంటి వసారాలో ఆరుగురు ఆడవాళ్లం కూర్చుని కొయ్య గరిటెలు, చెంచాలు చెక్కేవాళ్లం. పని నేర్పేది, తప్పు పట్టేది, చేసిన సరుకు ఊళ్లకు పంపేది అంతా ఆమే. ఒకరోజు మాటల్లో, చర్చిలో అందరూ పాటల పుస్తకం తెరిస్తే నేనూ తెరుస్తాననీ, పక్కామె పేజీ తిప్పితే నేనూ తిప్పుతాననీ చెప్పాను. అందరూ నవ్వారు. ఆపా నవ్వలేదు. మర్నాడు విరిగిన చెక్కముక్క మీద పెన్సిలుతో 'అ' గీసి నా ఒళ్లో పడేసింది.

"దీని మీద ఆకురాయి నడుపు."

"ఈ వయసులో నాకెందుకు ఆపా?"

"గరిటె బొజ్జ తిప్పే చెయ్యి 'అ' తిప్పలేదా? సోంబేరిదానా."

అలా రెండేళ్లు రోజుకొక చెక్కముక్క. చదవడం వచ్చింది. రాయడం అంటే మాత్రం తప్పించుకునేదాన్ని.

తర్వాత ఆపాకు జబ్బు చేసింది. ఆసుపత్రి దగ్గరని ఆత్మకూరులో చెల్లెలి ఇంటికి వెళ్లిపోయింది. వెళ్లేరోజు వసారా పని నాకు అప్పజెప్పి, ఒక పెద్ద ఫోను చేతిలో పెట్టింది. చెల్లెలు కువైట్‌లో వాడి తెచ్చిన ఫోను, ఏ కంపెనీ సిమ్మైనా పడుతుంది. నా బటన్ ఫోను విప్పి అందులోని సిమ్ము తీసి దీంట్లో వేసింది.

"ఫోనే పెద్దది, ప్లాను నీ బటన్ ఫోనుదే. దాంట్లో నెట్టు చిటికెడు ఉండాది. అచ్చరాలైతే పోతాయి. గొంతు బరువు, పోదు. ఈ మైకు బొమ్మ నొక్కినావంటే నెల నెట్టంతా ఒక్కసారికే ఊడ్చుకుపోతాది. తెలిసిందా?"

"నీ గొంతైనా నాకు వస్తాదా ఆపా?"

"నాదీ అదే ప్లాను. రాదు."

నమ్మాను. ఆ మైకు బొమ్మ జోలికి పోలేదు. మామూలుగా కాల్ చేస్తే ఆపా ఎత్తేది, "బాగుండావా" అనేది. పని సంగతి ఎత్తగానే "రాయి" అని కట్ చేసేది. ఆకురాయికి అరిగిన నా వేళ్లను ఆ ఫోను అద్దం గుర్తుపట్టేది కాదు. ఎడమచేతి చిటికెన వేలు ఒక్కటే మెత్తగా ఉండేది. దానితో పూటంతా పట్టి నొక్కిన మొదటి మాట, "గరిటలు ఐపయి." వెంటనే జవాబొచ్చింది. "గరిటెలు అయిపోయాయి. మళ్లీ రాయి." మళ్లీ రాశాను. నాలుగోసారికి "ఊ" అని పెట్టింది.

మొదట గరిటెల సంగతే రాసేదాన్ని. రాను రాను వాన పడిందని, వరికుంటపాడు నుంచి చుట్టాలొచ్చారని రాశాను. ఒకరోజు, పుట్టి మూడు రోజులే బతికిన నా తొలిచూలు బిడ్డకు నేను మనసులో పెట్టుకున్న పేరు రాశాను. ఆ పేరు నోటితో ఎవరికీ చెప్పలేదు, నా మొగుడికి కూడా. అందులో ఒక దీర్ఘం తప్పు పోయింది. ఆపా ఆ తప్పు ఎత్తి చూపలేదు. ఆ పేరునే సరిగ్గా రాసి తిరిగి పంపింది. ఇంకేమీ రాయలేదు. ఆ పేరు ఇంకొకరి చేత్తో రాసి ఉండగా చూడటం అదే మొదలు.

ఆమె నుంచి చివరగా వచ్చిన మాట ఇది: "ఇయ్యాల ఒక్క తప్పు లేదు." అది వచ్చిన నాలుగో రోజు ఆమె చెల్లెలు కాల్ చేసింది. మొదటి బస్సుకే వెళ్లినా, నేను చేరేసరికి ఖననం అయిపోయింది.

తిరుగు ప్రయాణంలో ఆత్మకూరు బస్టాండు దగ్గర రీఛార్జి కొట్టులో నిలబడ్డాను. అదే చిన్న ప్లాను వేయమన్నాను, గొంతు పోకపోయినా ఫరవాలేదని. కొట్టతను తలెత్తి చూశాడు.

"గొంతు పోదని ఎవరు చెప్పినారమ్మా? ఇందులోనూ పోతాది. గొంతుకి ఏం నెట్టు పడతాది? వీడియోలు చూస్తే అయిపోతాది గానీ."

బస్సు వెళ్లిపోతున్నా నేను కదలలేదు. నా చేత రాయించడానికి ఆపా అబద్ధం చెప్పింది. తన గొంతు కూడా పంపకుండా ఆ అబద్ధానికి కట్టుబడి ఉంది. నాకు చదువు వచ్చింది, ఫోను నిండా ఆమె రాతలున్నాయి. గొంతు మాత్రం ఒక్క ముక్క లేదు. చాలా రోజులు కోపంగా ఉన్నాను. పోయిన మనిషి మీద కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మొదటి ఏడాది ఆ రాతలు చదువుతుంటే ఆమె గొంతు వినిపించేది. ఇప్పుడు చదివితే నా గొంతే వినిపిస్తోంది.

ఇంతవరకు నిన్న రాశాను. ఈ పొద్దున వసారాలో నా పక్కన కూర్చునే కాంతమ్మ తన ఫోను తెచ్చింది. కొత్తగా పనిలో చేరిన మనిషి, చదువు లేదు. కూతురు నెల్లూరులో ఆసుపత్రిలో పని చేస్తుంది.

"అక్కా, పాపకి నాలుగు మాటలు పంపాల. ఆ మైకు ఎట్ట నొక్కేది?"

చూపించాను. సిగ్గుపడుతూ, వేళకు తినమనీ, చెవులకు గుడ్డ కట్టుకోమనీ చెప్పింది. ఆ గొంతు పోయేదాకా ఇద్దరం చూశాం. దాన్ని ఎప్పటికీ చెరపవద్దని, కాల్ చేసినప్పుడు పాపతో చెప్పమన్నాను. కాంతమ్మ రెండోసారి నొక్కబోతే నా చెయ్యి అడ్డం పెట్టాను.

"నెట్టు అయిపోయింది కాంతమ్మా. ఇంక ఈ నెలంతా అచ్చరాలే పోతాయి."

"అయ్యో, నాకు రావే!"

"పాప పేరేంది?"

"సరళ."

మూడే అక్షరాలు. కొమ్ములూ గుడులూ లేవు. కూటి వేళకు రెండు వచ్చాయి ఆమెకు.