ఆయన మాట ఉండాల్సిన చోటు

ఆడాను తల్లీ, ఒక్కసారి. అమ్మమ్మా, నువ్వెప్పుడైనా వీడియో గేము ఆడావా అని మొన్న ఫోన్లో అడిగావు కదా, అదే చెబుతున్నాను. తెనాలిలో ఆడాను, నువ్వు మీ అమ్మ కడుపులో ఉన్నప్పుడు. ఆ తర్వాత మౌసు ముట్టుకోలేదు. ఎందుకో మీ అమ్మకు కూడా చెప్పలేదు. తమ్ముణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టుకో.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. నేను రేపల్లె ఇల్లు ఖాళీ చేసి తెనాలిలో మీ అమ్మానాన్నల దగ్గర ఉండేదాన్ని. మీ అమ్మ కంప్యూటర్ క్లాసులు చెబుతూ, తీరిక దొరికితే హైదరాబాదులో ఒక చిన్న కంపెనీకి గేము కథ రాసేది.

"కాల్చుకోవడానికి కథెందుకే?" అన్నాను.

"ఇందులో కాల్చుకోవడాలు లేవమ్మా. ఊరూరా తిరిగి మనుషులతో మాట్లాడటమే."

"దానికి గేమెందుకు, మీ మేనత్త చాలదూ?"

మీ అమ్మ ఎంత నవ్విందో.

గేము వచ్చాక చూపించింది. కాలవ పక్కన ఒక ఊరు. బయటికి వెళ్ళినవాళ్ళు తిరిగి రావడం లేదు. ఒక బాటసారి ఇంటింటికీ వెళ్ళి ఎందుకని అడుగుతాడు. మనుషుల మాటలు తెర కింద ఒక పెట్టెలో తెల్లటి అక్షరాలుగా పడతాయి. ఒక ఇంట్లో ముసలావిడ ఉంది. వచ్చినవాళ్ళకు మంచినీళ్ళిస్తుంది. వాళ్ళు బయల్దేరగానే గుమ్మం దాకా వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడుతుంది. ఒక్క మాట మాట్లాడదు.

"నన్ను ముసలిదాన్ని చేసి పెట్టావేంటే!"

"నువ్వు కాదులే అమ్మా. నీ కొంగొక్కటే తీసుకున్నా."

ఆ అలవాటు నాకు ఎలా వచ్చిందో మీ అమ్మకు తెలియదు.

బయల్దేరే మనిషిని ఎక్కడికి అని అడగకూడదు. మీకూ చెప్పాను, మీరు నవ్వుతారు. పొరపాటున అడిగితే, ఆ మనిషి వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. మా ఇళ్ళల్లో పసిపిల్లలకు కూడా తెలుసు.

రేపల్లెలో మా ఇంటి వెనకే రైసు మిల్లు. పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా హోరు. ఒకరోజు మధ్యాహ్నం మీ తాతగారు చొక్కా వేసుకుని మెట్లు దిగుతున్నారు. నేను చేటలో బియ్యం ఏరుతూ, తలెత్తకుండానే "ఎక్కడికండీ?" అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆయన గేటు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి ఏదో అన్నారు. పెదాలు కదలడం చూశాను. మిల్లు హోరులో మాట వినపడలేదు. వినపడినట్టు తలూపాను. ఆయన ఒక్క క్షణం అలాగే నిలబడి, గేటు వేసి వెళ్ళిపోయారు.

చెరుకుపల్లి మీదుగా వెళ్ళే బస్సెక్కారు. బాపట్లలో అందరూ దిగినా ఆయన దిగలేదు. కండక్టరు నిద్రపోతున్నారనుకుని భుజం తట్టాడట. గుండె ఆగిపోయిందన్నారు డాక్టర్లు. నేను అడిగిన మాట ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నుంచి ఎవరు బయల్దేరినా నా కొంగు నోటికి వెళ్ళిపోతుంది.

ఇప్పుడు గేము సంగతి. మొదటిది బాగుందని కంపెనీవాళ్ళు రెండో భాగం వేద్దామన్నారు. మీ అమ్మకు వేవిళ్ళు, తల ఎత్తలేకపోయేది. ఆ కథ ఇంకొకాయనకిచ్చారు. కర్నూలాయన. మన వైపు ఎప్పుడూ రాలేదు, మీ అమ్మతో అప్పటికి ఫోన్లో కూడా మాట్లాడలేదు.

కొన్ని నెలలకు సీడీ వచ్చింది. పగలు పన్నెండు గంటలు. ఇంకా కడుపులో తిప్పుతోందని మీ అమ్మ మంచం మీదే పడుకుని, "నువ్వాడమ్మా. ఈసారి బాటసారి లేడట, ఆ ముసలావిడే మనం. ఆవిడ వయసులో ఉన్నప్పటి కథట" అంది. మౌసు నా చేతికిచ్చింది.

తెర మీద నేను పెరట్లో తిరిగాను, నీళ్ళు తోడాను. తర్వాత గుమ్మంలోకి వచ్చాను. ఒకాయన చొక్కా వేసుకుని మెట్లు దిగుతున్నాడు. ఏం చేస్తావని గేము నన్ను అడిగింది. నీళ్ళివ్వు, ఊరుకో, ఎక్కడికని అడుగు. మూడు వరసలు. ఊరుకో అన్నదాని మీద నొక్కాను.

కింద పెట్టెలో అక్షరాలు పడ్డాయి. "ఎక్కడికండీ?"

"ఇదేంటే, నేను ఊరుకోమన్నానుగా!"

"ఏది నొక్కినా అదే అంటుందేమో అమ్మా. కథ ముందే రాసేసి ఉంటారు."

ఆయన ఆగాడు. వెనక్కి తిరిగాడు. పెదాలు కదిలాయి. కింద పెట్టె వచ్చింది. అందులో ఒక్క అక్షరం లేదు. ఖాళీ.

అప్పుడు మిల్లు హోరు వినపడింది.

"ఆ చప్పుడు కాస్త తగ్గించవే" అన్నాను.

మీ అమ్మ తల తిప్పి చూసింది. "ఏ చప్పుడమ్మా? స్పీకర్లు పొద్దున్నే తీసేశాగా, తలనొప్పని."

నిజమే. వైరు ఊడి బల్ల మీద ఉంది.

మళ్ళీ మొదటి నుంచి ఆడాను. నీళ్ళివ్వు అని నొక్కాను. "ఎక్కడికండీ?" అనే పడింది. ఆయన తిరిగాడు. ఖాళీ పెట్టె. నాలుగుసార్లు ఆడాను. అక్షరాలు పడలేదేమో, ఏదైనా తప్పు జరిగిందేమో అడగమని మీ అమ్మ ప్రాణం తీశాను. సాయంత్రం మీ నాన్న వచ్చాక, మీ అమ్మ కంపెనీ వాళ్ళ దగ్గర నంబరు పుచ్చుకుని ఆ కర్నూలాయనకు ఫోన్ చేసింది. నేను రిసీవరుకు చెవి ఆనించి నిలబడ్డాను.

"తప్పేం కాదు మేడమ్, ఖాళీగానే పెట్టినా" అన్నాడాయన. "మీరు మొదటి భాగంలో ఆమెకు కొంగు అడ్డం పెట్టినారు కదా? ఎందుకు పెట్టుకుంటాదా అని పది రోజులు ఆలోచన చేసినా. ఎప్పుడో ఒకసారి అడగకూడని మాట అడిగి ఉంటాది అనిపించె."

"మరి ఆయన జవాబు?"

"ఆమెకు వినపడలేదు మేడమ్. ఆమెకు తెలియని మాట నేను ఎట్ల రాసేది?"

మీ అమ్మ "భలే రాశారండీ" అంది. నేను వంటింట్లోకి వెళ్ళి పొయ్యి దగ్గర నిలబడ్డాను. పొయ్యి వెలిగించలేదు.

కొంగు చూసి మిగతాదంతా ఊహించాడు, సరే. తెలివైన మనిషి. ఆవిడకు వినపడలేదని మాత్రం ఎలా తెలిసింది? ఆయన్ని అడగాలనుకుని, నోరు రాక మానేశాను. అయినా నా గుండెలో ఉన్నది ఆ ప్రశ్న కాదు తల్లీ. మీ తాతగారికి మన పద్ధతి తెలుసు. అడిగాక అలాగే వెళ్ళిపోయే మనిషి కాదు. ఆ రోజు గేటు దగ్గర ఆగి నా వైపు చూసి అన్నది ఏంటి? ఊరి పేరు చెప్పారా, లేక మంచినీళ్ళు పట్టుకురమ్మన్నారా?