అవ్వ చిటికెన వేలు

దయ్యాల ముచ్చటంటే నాకు చిరాకు. ఎవరైనా మొదలుపెడితే పని ఉందని లేచి వెళ్ళిపోతాను. బడిలో పిల్లలకు పాఠాలు చెప్పి బతికినదాన్ని, అలాంటివి నమ్మితే వాళ్ళకేం చెబుతాను? అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. కానీ సిరిసిల్లలో, మా ఇంట్లో, పట్టపగలు నా కళ్ళతో చూసిన ఒక సంగతిని మాత్రం ఏమనుకోవాలో తెలియక ఇన్నేళ్ళుగా సతమతమవుతున్నాను.

ఆంధ్రప్రదేశ్ కొత్తగా ఏర్పడిన రోజులు. మాది నేతవాళ్ళ ఇల్లు. బాపు మగ్గం మీద కూర్చుంటే, అవ్వ, అంటే మా అమ్మ, రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుట్టేది. పిల్లల్లో నేను పెద్దదాన్ని. నా తర్వాత తమ్ముడు రాజేశం, అందరికన్నా చిన్నది చెల్లెలు లచ్చవ్వ.

మాకు బొమ్మలెక్కడివి? నడిమి వేలు ఆట ఆడుకునేవాళ్ళం. ఒకరు కుడిచేతి వేళ్ళన్నీ దగ్గరికి ముడిచి, కొసలు మాత్రమే కనిపించేలా ఎడమచేత్తో గట్టిగా పట్టుకోవాలి. రెండోవాళ్ళు అందులో నడిమి వేలు ఏదో కనిపెట్టి పట్టాలి. పట్టుకుంటే గెలిచినట్టే. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళ వెంట, ఎక్కడికి రమ్మంటే అక్కడికి పోవాలి. అది మా ఇంటి షరతు.

అవ్వతో ఆడితే రాజేశం ఒక్కసారీ ఓడేవాడు కాదు. నూలు ఒరుసుకుని ఒరుసుకుని ఆమె చూపుడు వేలి కొసకు గాడి పడింది. వాడు దాన్ని తడిమి, పక్క వేలు పట్టేవాడు. ఆమెను రాట్నం ముందు నుంచి లేపి వాగు దాకా తీసుకుపోయేవాడు. పని ఆగిపోయిందని అవ్వ తిట్టుకుంటూనే పోయేది.

ఆ ఎండాకాలం ఊళ్ళో మశూచి వచ్చింది. తల్లి పోసిందనేవాళ్ళు. వేపమండలు కట్టాం, మొక్కులు మొక్కాం. రాజేశం దక్కలేదు.

ఆ దుఃఖం తీరకముందే లచ్చవ్వకు జ్వరం పట్టుకుంది. ఒంటి మీద ఒక్క పొక్కు లేదు. మందు తాగించినా తగ్గలేదు. పిల్ల మంచంలో పడుకుని, వేళ్ళు ముడిచి గాలిలోకి చాపడం మొదలుపెట్టింది. ఎవరితో ఆడుతున్నావే అని అడిగాను.

"అన్నతోని. ఇంకా నేను దొరకలే. దొరికితే తోల్కపోతడట," అంది.

బాపు ఆ మాట విని, తాయెత్తు తెస్తానని కొండగట్టుకు పోయాడు. అవ్వ ఆయన వచ్చేదాకా ఆగలేదు.

మధ్యాహ్నం. పక్క ఇళ్ళ మగ్గాలు చప్పుడు చేస్తూనే ఉన్నాయి. లచ్చవ్వ మళ్ళీ చెయ్యి చాపింది. అవ్వ ఆ చేతిని మెల్లగా కిందికి దించి, మంచం పక్కన నేల మీద కూర్చుని, తన వేళ్ళు ముడిచి ముందుకు చాపింది.

"చెల్లెను ఇడ్వు బిడ్డా. నాతోని ఆడు. గెలిస్తె నీ ఎంబడి నేనొస్త," అంది.

ఓడిపోవడానికే కూర్చుందని నాకు అర్థమైంది. గాడి పడిన వేలిని బాగా పైకి పెట్టింది. దాని పక్కనే నడిమి వేలు, పసిపిల్లకైనా దొరికేలా ఉంది. నాకు భయంతో పాటు కోపం కూడా వచ్చింది. అవ్వ పోతే మేమేం కావాలి? ఆమె చెయ్యి లాగేద్దామని ముందుకు వంగాను.

అప్పుడు ఆమె చిటికెన వేలి కొస కిందికి వంగింది. ఎవరో పట్టుకుని నొక్కినట్టు గోరు తెల్లబడింది. అవ్వ ఎడమచేతి బొటనవేలు దానికి ఇవతలి వైపు, దూరంగా ఉంది. అది నేను సరిగ్గా చూశాను. కాసేపటికి గోటిలోకి మళ్ళీ ఎరుపు వచ్చింది.

"తప్పు పట్టిండు," అంది లచ్చవ్వ. అటు తిరిగి నిద్రపోయింది.

తెల్లారేసరికి జ్వరం దిగింది. దాన్ని నేను లెక్కలోకి తీసుకోను, జ్వరాలన్నాక దిగుతాయి. వేలి సంగతే అంతుబట్టదు. తర్వాత ఎన్నోసార్లు నా చేతిని నేనే అలా పట్టుకుని చూశాను. వేలు వంచగలను గానీ, గోరు అలా తెల్లబడదు.

బాపు తాయెత్తుతో వచ్చి, చల్లబడిన బిడ్డ నుదురు తడిమి ఏడ్చాడు. తల్లి మీద ప్రేమతో కొడుకు కావాలనే ఓడిపోయాడని చుట్టుపక్కల వాళ్ళన్నారు. నేనూ అవ్వతో అదే అన్నాను.

అవ్వ సంతోషించలేదు. నూలు చుడుతూ చుడుతూ ఉన్నట్టుండి ఆగిపోయేది.

"వాడు నాతోని ఎన్నడు ఓడలే గదనే. నా చెయ్యి మర్చిపోయిండా పిల్లా?" అని అడిగేది.

మరిచిపోలేదవ్వా అని చెప్పేదాన్ని. ఆమె పోయేదాకా చెబుతూనే ఉన్నాను. ఆ వేలు పట్టింది ఎవరో, అసలు అక్కడ ఎవరైనా ఉన్నారో లేదో కూడా తెలియనిదాన్ని. నా మాట ఆమె ఒక్కనాడూ నమ్మలేదు.