నాయన చేతికి జీపీఎస్ వాచీ

మామ బెంగళూరు నుంచి ఆ వాచీ తెచ్చిన రోజు అమ్మ దాన్ని చూసి, "ఏమిరా, సబ్బు పెట్టెను చేతికి కట్టుకొని వచ్చినావే?" అని నవ్వింది. మామంటే అమ్మ తమ్ముడు. అక్కడ ఒక కంపెనీ ఆఫీసరు దగ్గర కారు డ్రైవరు. ఆ ఆఫీసరుకు రోజూ పరుగు తీసే అలవాటు. కొత్త వాచీ కొనుక్కొని పాతదాన్ని మామకు ఇచ్చేశాడు. హిందూపురంలో అక్క కూతురు పోలీసు ఉద్యోగం కోసం పొద్దున్నే పరిగెడుతోందని గుర్తొచ్చి మామ దాన్ని నాకు తెచ్చిపెట్టాడు. రెండువేల దశకం చివరి సంవత్సరాలవి. మా వీధిలో అప్పటికి జీపీఎస్ అనే మాటే ఎవరూ వినలేదు.

పరుగు నాకు చిన్నప్పుడే అబ్బింది. నాయన పరుపులు కుట్టేవాడు. దూది ఏకి, దిండ్లూ పరుపులూ కుట్టి, సైకిల్ మీద కట్టుకొని గోరంట్ల దాకా ఊరూరూ తిరిగి అమ్మేవాడు. తొంభైల్లో నేను బడికి పోయే రోజుల్లో ఆయన దారీ నా దారీ కొంతదూరం ఒకటే. క్యారియర్ మీద పరుపులుంటే నాకు చోటుండేది కాదు. సైకిల్ పక్కనే ఉరుకుతూ పోయేదాన్ని. బడి గేటు దగ్గర నాయన గంట కొట్టి ముందుకు సాగిపోయేవాడు. ఆటల పోటీల్లో నేను మొదట వస్తే టీచర్లు ఆశ్చర్యపోయేవాళ్ళు గానీ, మా ఇంట్లో ఎవరికీ వింతగా ఉండేది కాదు.

డిగ్రీ అయ్యాక పోలీసు కానిస్టేబుల్ పరీక్షకు తయారవడం మొదలుపెట్టాను. నాయన తెల్లవారి నమాజు చదువుకొని వచ్చి సైకిల్ బయటికి తీసేవాడు. నేను చున్నీ నడుముకు బిగించి కట్టుకొని, కాన్వాస్ బూట్లు వేసుకొని పెనుకొండ రోడ్డు మీద పరిగెత్తేదాన్ని. ఆయన పక్కన సైకిల్ తొక్కేవాడు. ఊరి చివర రోడ్డు కింద కాలువ పోయే మోరీ దగ్గర మొదలుపెట్టి ఒక కిలోమీటరు రాయి దాకా పోయి వెనక్కి తిరిగేవాళ్ళం. ఎవరూ కొలవలేదు గానీ, పోనూ రానూ కలిపితే పరీక్షలో పరిగెత్తాల్సిన దూరం సరిగ్గా అంతేనని మా లెక్క. నా పాత చేతి గడియారం చూసుకుంటే సమయం కూడా బాగానే వచ్చేది.

వాచీ వచ్చాక మొదటి రోజు మామ కూడా మాతో వచ్చాడు. "కదలకుండా నిలబడు. పైన తిరిగే ఉపగ్రహాలు దానికి దొరకాల," అన్నాడు. నేను చెయ్యి చాచి నిలబడ్డాను. నాయన కూడా ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు. చాలాసేపటికి వాచీ చిన్నగా కూసింది. పరిగెత్తి, రాయి దగ్గర తిరిగి, మోరీ దగ్గరికొచ్చి ఆగాను. దూరం చూస్తే మేము అనుకున్నదానికి బాగా తక్కువ. ఇన్నాళ్ళూ నేను తక్కువ దూరం పరిగెత్తి మంచి సమయం వచ్చిందని మురిసిపోయానన్నమాట. రోడ్డు పక్కనే కూలబడ్డాను.

"ఈ వాచీ సరిగా లేదేమో మామా," అన్నాను.

"వాచీ బాగానే ఉండాది. మీరే మోరీని ఎట్ల నమ్మినారో?" అన్నాడు మామ.

నాయన మాత్రం ఏమీ నొచ్చుకోలేదు. సైకిల్ స్టాండు వేసి నా పక్కన కూర్చున్నాడు. "ఇప్పుడే తెలిసింది, మంచిదేలేమ్మా. ఆడ మైదానంలో తెలిసుంటే ఏం చేసేవాళ్ళం?" అన్నాడు.

మర్నాటి నుంచి అసలు దూరం పరిగెత్తడం మొదలుపెట్టాను. చివరికొచ్చేసరికి కాళ్ళు రాళ్ళలా బరువెక్కేవి. వాచీ చూస్తే కారణం తెలిసింది. మొదట్లో ఉన్న బలమంతా పెట్టి పరిగెత్తుతున్నాను, సగం దాటాక చతికిలబడుతున్నాను. వాచీ చూసుకుంటూ నిదానంగా పోదామంటే, చెయ్యి ఎత్తి చూసిన ప్రతిసారీ పరుగు తీరు చెడిపోయేది. అప్పుడు నాయనే ఒక ఉపాయం చెప్పాడు. "అది నా చేతికి కట్టు. ఎంత బిరీన పోవాలో నువ్వు చెప్పు. నేను ముందర పోతా, నువ్వు నా వెనకాలే రా."

సైకిల్‌ను వేగంగా తొక్కడం తేలిక, మనిషి పరుగుకు సరిపడా నిదానంగా ఒకే తీరున తొక్కడం కష్టం. మొదట్లో నాయన తూలేవాడు. వాచీ చూస్తూ ఒకసారి గొర్రెల మందలోకి దూరిపోయాడు. "ఏమప్పా, రోడ్డు చూస్తాండావా, చెయ్యి చూస్తాండావా?" అని కాపరి కేకలేశాడు. వారం తిరిగేసరికి కుదురుకున్నాడు. నేను వెనక చక్రాన్ని చూస్తూ పరిగెత్తేదాన్ని. చక్రం ముందుకు పోనీయదు, వెనకబడనీయదు. కొన్నాళ్ళకు చివరి వరకూ ఊపిరి నిలబడడం మొదలైంది.

ఒక పొద్దున వాచీ విప్పడం మరిచిపోయి నాయన అట్లాగే పరుపులు కట్టుకొని గోరంట్ల వైపు వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం నేను వెతుక్కుంటుంటే అమ్మ, "ఆయన చేతికే ఉండాది, చూడలేదా?" అంది. సాయంత్రం ఆయన తిరిగి వచ్చేసరికి వాచీ ఇంకా నడుస్తూనే ఉంది. ఆ రోజు తిరిగిందంతా దానిలో ఉంటుందని చెబితే నాయన నమ్మలేదు. వాచీని కంప్యూటరుకు కలపడానికి మామ ఇచ్చిన తీగా, సీడీ తీసుకొని ఇద్దరం ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళాం. తెర మీద తెల్లటి ఖాళీలో ఒక గీత వచ్చింది. హిందూపురం నుంచి బయల్దేరి, ఊళ్ళలో మెలికలు తిరిగి, గోరంట్ల దాకా పోయి, మళ్ళీ వచ్చిన గీత. దాని మీద ఎక్కడ నొక్కితే అక్కడి వేగం కింద కనిపించేది.

నాయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "ఈడ టీ తాగినా," అన్నాడు వేలు పెట్టి. "ఈడ ఒకామె దిండ్లు తీసుకొనింది. ఇదేంది, ఈడ ఇంత నిదానంగా పోయినానని చూపిస్తాంది?"

"గట్టు ఎక్కేచోటు నాయనా."

"అవును. ఆడ దిగి తోసుకుంటూ పోతా. ఎండ ఎక్కువగా ఉండె."

ఆ మాట ఆయన ఎంతో మామూలుగా అన్నాడు. నేను మాత్రం ఆ గీతను చాలాసేపు చూశాను. నేను పొద్దున ఒక్క గంట పరిగెత్తి ఇంటికొచ్చి పడుకునేదాన్ని. నాతో పాటు వచ్చిన నాయన ఆ తర్వాత ఇదంతా తిరుగుతున్నాడు. మర్నాడు ఆయనను ఇంట్లోనే ఉండి పడుకోమన్నాను. "నువ్వు ఉరికేది చూడకపోతే నాకు పొద్దు పోదు," అని సైకిల్ తీశాడు.

ఎంపిక రోజు జిల్లా కేంద్రంలో మైదానం బయటే వాచీలు తీసేయమన్నారు. నాయనకిచ్చి లోపలికి వెళ్ళాను. విజిల్ పడగానే చుట్టూ అమ్మాయిలు ఒక్కసారిగా దూసుకుపోయారు. నాకూ అట్లాగే దూసుకుపోవాలనిపించింది గానీ ఆపుకున్నాను. కళ్ళముందు సైకిల్ చక్రం లేకున్నా ఆ వేగం ఒంటికి పట్టింది. సగం దాటాక ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చి, సమయం మిగిలి ఉండగానే గీత దాటాను. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. లాంగ్ జంప్‌లో ప్రతిసారీ దూకే పలక దాటి కాలు పడి తప్పయింది. నన్ను బయటికి పంపించేశారు.

తిరుగు ప్రయాణంలో ప్యాసింజర్ రైల్లో నేను ఏడుస్తూ కూర్చున్నాను. నాయన ఓదార్చలేదు. కాసేపు చూసి వాచీ తన చేతికి కట్టుకొని కిటికీ బయటికి చాపాడు. ధర్మవరంలో పట్టుచీరల మూటతో ఎక్కిన ఒకాయన, "ఏమబ్బా, చెయ్యి బయట పెట్టినావు?" అన్నాడు.

"రైలు ఎంత బిరీన పోతాండాదో చూస్తాండా," అన్నాడు నాయన. ఆయనా వంగి చూశాడు. పెట్టెలో సగంమంది మూగారు. రైలు ఊపందుకుంటే అంకె పెరిగేది, స్టేషన్ వస్తుంటే తగ్గేది. పెనుకొండ దాటేసరికి నేనూ అంకె చదివి చెబుతున్నాను.

"ఈ దారిన సైకిల్ మీద రాలేమా?" అన్నాడు నాయన ఉన్నట్టుండి. "ధర్మవరంలో మీ చిన్నమ్మను చూసి చానాళ్ళయింది."

చలికాలం రాగానే పక్కింటి సైకిల్ అడిగి తీసుకున్నాను. వారాల తరబడి తొక్కడం సాధన చేసి, ఒక ఆదివారం తెల్లవారుతూనే ఇద్దరం బయల్దేరాం. ఈసారి వాచీ నా చేతికి ఉంది. ఎక్కుడు వచ్చినచోట వేగం తగ్గించమనీ, దిగుడులో కాళ్ళకు విశ్రాంతి ఇవ్వమనీ నేను నాయనకు చెబుతూ పోయాను. ఆయన బుద్ధిగా విన్నాడు. క్యారియర్ మీద బరువు లేకుండా, నా పరుగు కోసం నిదానించకుండా ఆయన సైకిల్ తొక్కడం నేను చూడడం అదే మొదటిసారి. చిన్నపిల్లవాడిలా పెడల్ మీద నిలబడి తొక్కాడు.

పెనుకొండలో టీ అంగడి దగ్గర ఆగాం. అక్కడ ఒక పెద్దాయన నా చేతిని చూసి అదేమిటని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే నాయన పరుగు సంగతీ, మోరీ సంగతీ, లాంగ్ జంప్ సంగతీ అంతా చెప్పేశాడు. సిగ్గుతో తల దించుకున్నాను. ఆ పెద్దాయన టీ తాగడం ముగించి, "మాకు ఈడ ఒక బడి ఉండాదమ్మా. ఆడపిల్లలకు ఆటలు నేర్పేవాళ్ళు దొరకలేదు. వచ్చి చూస్తావా?" అన్నాడు.

వస్తానన్నాను. ఆ తర్వాత ధర్మవరం దాకా నాయన నవ్వుకుంటూ తొక్కాడు. చిన్నమ్మ వాకిట్లో మమ్మల్ని చూసి, సైకిళ్ళ మీద వచ్చామంటే నమ్మక, "బస్సు యాడ దిగినారు, చెప్పండి!" అని తగువు పెట్టుకుంది.

ఆ జూన్‌లో పెనుకొండ బడిలో ఆటలు నేర్పే పనికి చేరాను. అమ్మాయిలు వంతులవారీగా వాచీ కట్టుకొని పరిగెత్తేవాళ్ళు. కొన్నాళ్ళకు దాని బ్యాటరీ చచ్చిపోయింది. అప్పటికి నేను విజిల్‌తోనే వాళ్ళ పరుగు సరిదిద్దగలుగుతున్నాను. పోలీసు ఉద్యోగాలు మళ్ళీ పడినప్పుడు నాయన పేపరు పట్టుకొని వచ్చాడు.

"ఏం చేస్తావమ్మా?"

ఆ వారంలోనే మా బడి పిల్లలకు ధర్మవరంలో పోటీలున్నాయి. వాళ్ళను వదిలి మళ్ళీ నా సాధన మొదలుపెట్టాలని అనిపించలేదు.

"వద్దులే నాయనా," అన్నాను.

"సరే," అని పేపరు మడిచి అమ్మకిచ్చి, దూది ఏకడానికి లేచాడు.