బీమా అన్న కలం మూత

మొన్న పొద్దుగాల బోధన్‌ల మా బీమా అన్న పోయిండు. బీమా కాగితాలు పట్టుకొని ఊళ్లు తిరిగేటోడు గనుక చిన్నా పెద్దా అందరికి బీమా అన్ననే. కబురు వినంగనే నన్ను కన్న మా అవ్వ చేతిల ఉన్న చాట కింద పెట్టి, మన చేను నిలబెట్టినోడు పోయిండు బిడ్డా అన్నది.

మా దిక్కు ఇంటాయన రోగం నోటితోని అనరు. అంటే ముదురుతదని భయం. ఎవరడిగినా మంచిగనే ఉన్నడంటరు, అది అబద్ధమని ఎవరనుకోరు. మా బాపుకు బీమా రాయనీకి అన్న వచ్చిన నాడు గూడ గంతే. ఏమన్న రోగమున్నదా అంటె బాపు లేదన్నడు. కిందటి చెరుకు నరుకుడప్పుడు నెత్తురు కక్కిండని ఇంట్ల అందరికెరుకే.

అన్న కలం మూత తీయలే. నిజం బయటపడేదాక మూత తీయకపోవుడు ఆయన అలవాటు. మంచినీళ్లు తాగిండు, వానల ముచ్చట పెట్టిండు, ఎంతకూ లేవడు. మొండి మనిషి. ఆఖరికి బాపు దిక్కు సూపి, తలుపు చాటునున్న అవ్వతోని అన్నడు:

"కంపెనీ కాకను సూడలే చిన్నమ్మా. మన మాట నమ్మే రాస్తది. ఇయ్యాల దాస్తె రేపు మీకేం రాదు."

"నెత్తురు పడ్డది," అన్నది అవ్వ.

అప్పుడు మూత తీసి రాసిండు. బాపుకు కోపమొచ్చి, మల్ల నా గడప తొక్కకన్నడు. కంపెనీ నిజామాబాద్ డాక్టరుకు సూపించి, కిస్తు పెంచి ఒప్పుకున్నది. అన్న ప్రతి కిస్తుకు గడప బయటనే నిలబడి పైసలు తీస్కపోయేటోడు.

రెండేండ్లకు బాపు గదే రోగంతోని పోయిండు. చేను తాకట్టుల ఉండె, బీమా పైసలొస్తెనే విడిపిస్తం. కంపెనీ ఆఫీసరు వచ్చి, ఈ రోగం ముందు నుంచున్నదా అని అడిగిండు. మా పెదనాయిన అలవాటు కొద్ది, ఏ రోగం లేకుండె సారు, మంచిగనే ఉండె అనేసిండు. ఆఫీసరు చేతిల ఉన్న దవాఖాన చీటీల రోగం పాతదని ఉండె; ఆయన మొకం మారింది. రోగం దాచి రాయించిన్రనుకున్నడు. ఆఫీసరు ఎంట వచ్చిన అన్న గడప అవుతలనే నిలబడ్డడు. బాపు మాట బాపు పోయినంక గూడ దాటలే.

"ముందే చెప్పిన్రు సారు. మొదటి కాగితం సూడుండ్రి," అన్నడు అక్కడినుంచే.

ఆఫీసరు సూసిండు. చేను మాకు దక్కింది. అవ్వ పోయి అన్నను చెయ్యి పట్టి లోపలికి తోల్కొచ్చింది. ఆయన మేలు నేను బతికున్నన్ని దినాలు మరువ.

మొన్న అన్నను వాకిట్ల పండవెట్టిన్రు. ఏమైందని అడిగినోళ్లకు ఆయన ఇంటామె, నిన్నటిదాక మంచిగనే ఉండె అంటున్నది. ఆ మాట వెనక ఏమున్నదో అవ్వకెరుకే, పోయి ఆమె పక్కన కూసున్నది. అన్న జేబుల కలం అట్లనే ఉన్నది. అవ్వ దాన్ని తీసి, మూత విప్పి, ఆయన రొమ్ము మీద పెట్టింది. తెల్లబట్ట మీద సిరా చుక్క మెల్లగ పరుసుకున్నది.