ఎర్రగడ్డలకు పోయిన ప్రాసెసర్

"యాడ పెట్టినావో సెప్పుమా, కోప్పడనులే."

"ఏందిరా నేను పెట్టింది?"

"నిన్న కంప్యూటర్లో నుంచి తీసినానే, సదరంగా, బిస్కెట్టు మాదిరి. కిందంతా సన్న ముండ్లు ఉంటాయి. కిటికీలో పేపరు మింద పెట్టినాను."

"కిటికీ ఏమన్నా బీరువానా సామాన్లు దాసుకునేదానికి? పనికొచ్చేదైతే ఎత్తిపెట్టుకోవల్ల. పిల్లి తోసిందో, గాలికి పోయిందో, నాకేం తెలుసు?"

"గాలికి పోయేదానికి అదేమన్నా ఇస్తరాకా?"

"అయితే నీ పెండ్లాన్ని అడుగు."

"నన్నెందుకు అడిగేది అత్తా? పొద్దున్నుంచి నేను ఆ పక్కకే పోలేదు," అంది మా కోడలు వంటింట్లో నుంచి. ఆమె ఘాటుకు కళ్ళు తుడుచుకుంటూ ఎర్రగడ్డలు తరుగుతూ ఉంది. ఆ ఎర్రగడ్డలను చూసి నేను మొహం తిప్పుకున్నాను.

నా కొడుకు వెతుకుతున్న వస్తువు ఎక్కడికి పోయిందో నాకు తెలుసు. ఆ పొద్దున తొమ్మిదింటికి పాత సామాన్ల బండివాడికి దాన్ని వేసి, బదులుగా ఆ ఎర్రగడ్డలు పోయించుకున్నది నేనే.

నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. కంప్యూటరు గురించి రాసేంత చదువు నాకు లేదు. కానీ ఆ మూడు రోజుల సంగతులు నా కళ్ళ ముందే జరిగాయి కాబట్టి, నాకు అర్థమైనంత వరకు రాస్తున్నాను.

తిరుపతిలో మా ఇంట్లో ముగ్గురమే. కొడుకు రేణిగుంటలో ఒక గోడౌనులో పని చేస్తాడు. కోడలు కూడా అటువైపే ఒక ఫ్యాక్టరీలో ఐదేళ్ళు పని చేసింది. అక్కడ కూర్చునే పని కాదు. ఎనిమిది గంటలూ నిలబడే ఉండాలి. ఐదేళ్ళకు ఆమె పిక్కల్లో నరాలు నీలంగా, వానపాముల్లా ఉబ్బి పైకి తేలాయి. రాత్రి పడుకుంటే కాళ్ళు గోడకు ఆనించి పైకెత్తుకునేది. ఇంకా నిలబడితే పుండ్లు పడతాయని డాక్టరు చెప్పాక ఆ పని మానేసింది. మిషన్ ఎంబ్రాయిడరీకి కంప్యూటర్లో బొమ్మలు గీసే పని నేర్చుకుంది. పెళ్ళికూతుళ్ళ జాకెట్లకు నెమళ్ళు, తామరలు, ఏనుగులు. ఆమె గీసి ఇస్తే, దుకాణంలో ఉండే మిషన్ దాన్ని గుడ్డ మీద కుడుతుంది. మొదట నేను ఒప్పుకోలేదు. కూర్చుని బొమ్మలు గీస్తే జీతం ఎవడిస్తాడని అడిగాను. ఆ దుకాణమాయన ఇచ్చాడు.

ఆమె వాడే కంప్యూటరు మాత్రం చాలా పాతది. పెద్ద డిజైను తెరవమంటే అలానే ఆలోచిస్తూ కూర్చునేది. దానివల్ల ఆమె రెండుసార్లు పని ఆలస్యంగా ఇచ్చింది. మూడోసారి దుకాణమాయన ఖండితంగా చెప్పేశాడు. "ఈ జాకెట్టు డిజైను మంగళవారం పొద్దున పదికి నా చేతిలో ఉండాలమ్మా. లేదంటే ఇంక నీకు పనియ్యలేను." ఆ పని పోతే కోడలికి మళ్ళీ ఫ్యాక్టరీ తప్ప దిక్కు లేదు.

కొత్త కంప్యూటరు కొందామని కొడుకు అన్నాడు. వద్దన్నది నేను.

"నా కుట్టు మిషను ముప్పై ఏండ్లది. నూనేస్తే ఇప్పటికీ గుర్రం మాదిరి పోతాది. మీకు మాత్రం ప్రతిదీ కొత్తది కావల్ల."

"సరే, కొనేది లేదు. దాని ప్రాసెసరు ఒక్కటి మారుస్తా. మావాడి దగ్గర ఒకటి ఉండాది, దీనికంటే బిరీన పని చేసేది. ప్రాసెసరంటే కంప్యూటరుకు గుండెకాయ మా."

"గుండెకాయ మారిస్తే ముసల్ది లేసి పరిగెత్తుతాదా?"

"నువ్వే సూస్తావు కదా," అని నవ్వాడు.

ఆదివారం పొద్దున పెట్టె విప్పాడు. పాతదాన్ని తీసి కిటికీలో పెట్టాడు. కొత్తదాన్ని కూర్చోబెట్టి, విభూది రంగులో ఉండే జిగురు దాని మీద పూసి, ఫ్యాను బిగించి స్విచ్చు వేశాడు. ఫ్యాను తిరిగింది. దీపం వెలిగింది. తెర మాత్రం నల్లగానే ఉంది. కాసేపటికి దానంతటదే ఆరిపోయి, మళ్ళీ దానంతటదే తిరగడం మొదలుపెట్టింది. మళ్ళీ ఆరిపోయింది.

ఆ రోజంతా అదే తంతు. లోపల పొడుగ్గా నిలబెట్టి ఉండే అట్టముక్కల్లాంటివి ఊడదీసి, వాటి అంచులు రబ్బరుతో రుద్ది పెట్టాడు. రూపాయి బిళ్ళంత బ్యాటరీ తీసి, కాసేపు ఉంచి మళ్ళీ వేశాడు. వైర్లన్నీ పీకి గుచ్చాడు. తెర చెడిపోయిందేమోనని పక్కింటి వాళ్ళ తెర అడిగి తెచ్చాడు. ప్రతిసారీ "ఈసారి వస్తాది సూడు" అనేవాడు. వెనకాల కోడలు తువ్వాలు చేతిలో నలుపుతూ నిలబడేది. నేను మంచం మీద నుంచి చూసి చూసి విసిగిపోయాను. చీకటి పడేటప్పటికి అతని చొక్కా వీపంతా తడిసిపోయింది. తెర మీద ఒక్క గీత కూడా రాలేదు.

సోమవారం పొద్దున నేను ఇల్లు ఊడుస్తుంటే కిటికీలో ఆ ముక్క కనిపించింది. కొత్త చీపురు వచ్చాక పాత చీపురు ఒక్క రాత్రి కూడా ఇంట్లో ఉండకూడదనేది మా అమ్మ నేర్పిన పద్ధతి. చంద్రగిరిలో పుట్టింట్లోనూ అంతే, అత్తగారి ఇంట్లోనూ అంతే. అట్లకాడకైనా, చాటకైనా నేను అదే పాటిస్తాను. ప్రాసెసరుకూ అదే వర్తిస్తుందనుకున్నాను. సందులో బండివాడి కేక వినబడింది. తుప్పు పట్టిన కొళాయి, పిడి ఊడిన పెనం, రెండు మూతలు, వాటితో పాటు ఇదీ వేశాను. వాడు దాన్ని వెనక్కి తిప్పి, బంగారంలా పచ్చగా మెరిసే ముళ్ళను చూసి, చొక్కా జేబులో వేసుకున్నాడు. నేను అడగకముందే ఇంకో దోసెడు ఎర్రగడ్డలు పోశాడు. "ఇట్లాంటియి ఉంటే ఎత్తిపెట్టవ్వా," అని కూడా అన్నాడు. బేరం చేయకుండా ఎక్కువ పోసినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. పైగా సంబరపడ్డాను.

పదకొండింటికి కొడుకు పిలిచిన కంప్యూటరు మెకానిక్కు వచ్చాడు. పెట్టెలోకి టార్చి వేసి చూశాడు. బోర్డు మీద ఉన్న నంబరును ఫోనులో కొట్టి చదివాడు.

"ప్రాసెసరు బాగానే ఉండాదప్పా. బోర్డూ బాగానే ఉండాది. కానీ ఇది ఎవురో బోర్డుకు తెలీదు."

"అంటే?" అన్నాడు నా కొడుకు.

"మీ గోడౌను గేటుకాడ వాచ్‌మన్ ఉంటాడు కదా. వాడి సేతిలో పాత లిస్టు ఉండాది. దాంట్లో ఈ కొత్తోని పేరు లేదు. లోపలికి ఇడవడంటాడు. లిస్టు మార్చల్లంటే పాతోడే లోపలికి పోవల్ల. ఆ లిస్టునే బయోస్ అంటారు. పాత ప్రాసెసర్ను మళ్ళీ పెట్టి, బయోస్‌ను కొత్తది చేసి, ఆ తర్వాత దీన్ని పెడితే గమ్మున పని చేస్తాది. పాతది ఇట్లా ఇయ్యప్పా, అర్ధగంట పని."

నేను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. చెయ్యి చాటలోనే ఆగిపోయింది.

కిటికీలో అది కనబడలేదు. దొరికితే ఫోన్ చేయమని మెకానిక్కు వెళ్ళిపోయాడు. ఆ తర్వాతదే నేను మొదట రాసిన గొడవ. అప్పటికి పన్నెండు అయింది.

ఎందుకు చెప్పలేదంటే, మా ఇంట్లో ఏ వస్తువు పోయినా అడిగేదాన్ని నేను. అడిగించుకోవడం నాకు అలవాటు లేదు. కొడుకు రెండింటి డ్యూటీకి పోతాడు, కోడలు కాసేపు నడుం వాలుస్తుంది, అప్పుడు నేను మెల్లగా వెళ్ళి బండివాడిని పట్టుకుని, ఆ ముక్క తెచ్చి మంచం కింద దొరికిందని చెబుదామనుకున్నాను. కొడుకు ఆ రోజు సెలవు పెట్టాడని నాకు తెలియదు.

ఇద్దరూ ఇల్లంతా తిరగేశారు. పరుపులు ఎత్తారు, బియ్యం డబ్బా వంచారు, చెత్తబుట్టను పేపరు మీద బోర్లించి వేళ్ళతో కెలికారు. వాళ్ళతో పాటు నేనూ వెతికాను. మోకాళ్ళ మీద వంగి, మంచం కింద చీపురుపుల్లతో గీకాను. ఆ వెతకడం గుర్తొస్తే ఇప్పటికీ నాకు మొహం చెల్లదు.

మూడింటికి కోడలు వెతకడం ఆపేసింది. వెనక వాకిట్లో నీళ్ళ తొట్టి దగ్గర కూర్చుని ఫోన్ చేసింది. అవతల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా ఉండే ఆమె.

"అక్కా, నేనక్కా. లైన్లో పనికి ఎవురన్నా కావాల్నా? ... రేపేనా? ... వస్తానక్కా. సాయంత్రం ఆరుకంతా ఖాయంగా సెప్తా. ... లేదక్కా, కాళ్ళు బాగుండాయిలే ఇప్పుడు."

ఆ చివరి మాట అంటూ ఆమె చేత్తో పిక్క పట్టుకుని ఉంది.

నేను ముందు గదిలోకి వెళ్ళి కొడుకుతో చెప్పాను. "అది బండోనికి ఏసేసినాను."

"ఏది?"

"నువ్వు వెతికేదే. పొద్దున్నే. ఎర్రగడ్డలకు."

అతను నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "పన్నెండుకు అడిగితే తెలీదంటివి కదమ్మా! నాతో పాటు మంచం కింద దూరితివే!"

"తిట్టేది తర్వాత తిట్టు. బండి తియ్యి."

కోడలు గుమ్మంలో నిలబడి అంతా విన్నది. స్కూటరు తాళం తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. నన్ను తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది.

రైలుగేటు అవతల పాత సామాన్ల దుకాణాల వరస. మా బండివాడు ఒక కొట్టు ముందు గోనెసంచి మీద కూర్చుని అన్నం తింటున్నాడు. నన్ను చూసి, "ఏమవ్వా, ఎర్రగడ్డలు కుళ్ళిపోయినాయా?" అన్నాడు.

"ఎర్రగడ్డలు బాగుండాయి. పొద్దున సదరం ముక్క ఒకటి జోబీలో ఏసుకుంటివే, అది కావల్ల. నీ సరుకు నీకు ఇచ్చేస్తాం."

"అయ్యో, అట్లాంటియి, కంప్యూటర్ల పచ్చ అట్టలు అన్నీ సోమవారం రెండింటికి మద్రాసు లారీకి ఎత్తేస్తాంకదవ్వా. పోయి గంట దాటిండాది. రొంత ముందొచ్చింటే నా జోబీలోనే ఉండె."

నేను నమ్మలేదు. కొట్టు ముందున్న కుప్పలో కూర్చుని, మేకులు, బోల్టులు, విరిగిన ఫ్యాను రెక్కలు అన్నీ చేత్తో తోసి చూశాను. వేలు తెగింది. నా కొడుకే వచ్చి జబ్బ పట్టుకుని లేపాడు. ఇంటి ముందు స్కూటరు ఆపి, వెనక్కి తిరగకుండానే అన్నాడు. "రెండు గంటలు ఉండె మా మనకు."

మెకానిక్కుకు ఫోన్ చేస్తే చిత్తూరులో, నాయుడుపేటలో తెలిసినవాళ్ళను అడిగాడు. ఆ రకం పాతది ఎవరి దగ్గరా లేదు. మద్రాసు నుంచి తెప్పిస్తే బుధవారం సాయంత్రానికి వస్తుందన్నాడు. లోపలి డిస్కు తీసి వేరే కంప్యూటర్లో పెట్టొచ్చు కదా అని నా కొడుకు అడిగాడు. డిజైను గీసే సాఫ్టువేరు ఈ ఒక్క పెట్టెకే లైసెన్సు కట్టి ఉందని, ఇంకోదాంట్లో తెరుచుకోదని కోడలే చెప్పింది. దుకాణమాయనను రెండు రోజుల గడువు అడిగింది. ఆయన మాట మాకు వినబడలేదు. ఈమె మాత్రం "సరే సార్, సరే సార్" అని పెట్టేసింది.

"నువ్వు ఫ్యాక్టరీకి పోబాకమ్మా," అన్నాను. "కొత్త కంప్యూటరే కొనుక్కుందాం. నేనే సెప్తా ఉండా కదా."

"కొంటే రేపు పదికి డిజైను అయితాదా అత్తా?"

కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవడానికి అడిగినట్టే అడిగింది. ఆరింటికి ఆమె సూపర్‌వైజరుకు వస్తానని చెప్పేసింది.

మరుసటి రోజు పొద్దున నేను నాలుగున్నరకే లేచి చిత్రాన్నం కలిపి క్యారియరులో పెట్టాను. కోడలు రెండు పిక్కలకూ గుడ్డపట్టీ బిగించి చుట్టుకుంది. ఆరింటికి సందు చివర కంపెనీ బస్సు ఎక్కింది. లోపలికి ఫోన్లు తీసుకుపోనివ్వరు కాబట్టి ఆమె ఫోను ఇంట్లోనే ఉంది. పది దాటాక అది మోగితే నేనే ఎత్తాను. డిజైను పని ఇంకొకరికి ఇచ్చేశానని, శాంపిలుకు ఇచ్చిన పట్టుగుడ్డ వెనక్కి పంపమని దుకాణమాయన చెప్పాడు. తప్పు ఆ పిల్లది కాదని, అవసరమైన సామాను పాత సామాన్లకు వేసేసింది నేనని చెప్పాను. "సరే అవ్వా, గుడ్డ మాత్రం ఈరోజే పంపించండి," అన్నాడు. గుడ్డను మడిచి సంచిలో పెట్టుకుని, పదకొండింటికి నేనే నడిచి వెళ్ళి ఇచ్చి వచ్చాను.