పుల్లకు కాదు, చోటుకు

జమున పోయి మూడు నెలలైంది. ఆమె అల్లుతున్న లేసు మాత్రం గుండుసూదులు గుచ్చిన దిండు మీద అలాగే ఉంది. మనవరాలి గౌను మెడ పూర్తి కావాలంటే ఇంకా నాలుగు వేళ్ల లేసు పడుతుంది. దిండు మౌక్తికది. జమున వంటపనికి వెళ్లిన ఇంటి డాక్టరు గారి భార్య ఆమె. అల్లిక నేర్పిందీ ఆమే. ఇంకొకరికి నేర్పాలి, ఈ ఆదివారానికి దిండు ఇచ్చేయమని మొహమాటపడుతూనే అడిగింది.

ఆ నాలుగు వేళ్లూ తానే అల్లుతానని నెల కిందటే పట్టుబట్టాడు జమున భర్త సదానందం. లింబాయత్‌లో ముప్పై ఏళ్లుగా మగ్గాలు నడుపుతున్నవాడికి ఇదొక పనా అనుకున్నాడు. జమున అల్లుతుంటే "పుల్లలాట అయిందా?" అని ఎకసెక్కమాడినవాడే.

మౌక్తిక వేరే చిన్న దిండు మీద దారం చుట్టిన నాలుగు పుల్లలు వేలాడదీసింది. రెండోది మూడోదాని మీదుగా వేయాలి. తర్వాత రెండోది ఒకటోదాని మీదుగా, నాలుగోది మూడోదాని మీదుగా. మళ్లీ రెండోది మూడోదాని మీదుగా. అది ఒక కుట్టు. తప్పు లేకుండా పది వేస్తేనే జమున అల్లికను ముట్టుకోవాలంది.

మూడు ఆదివారాలు షేర్ ఆటోలో జమున దిండు ఒళ్లో పెట్టుకుని మౌక్తిక ఇంటికి వచ్చాడు. పది కాదు కదా, రెండు కూడా కుదరలేదు. వేసిన కుట్టు వేసినట్టే విడిపోయేది. ఈ చివరి రోజు మౌక్తిక పక్కనే కూర్చుని చూసింది. పుల్లలకు ఒకటి నుంచి నాలుగు దాకా కాగితపు నంబర్లు అంటించి ఉన్నాయి. కుట్టు వేయగానే అతను వాటిని మళ్లీ వరసలో సర్దుతున్నాడు.

"బాబాయ్, నంబరు పుల్లకు కాదు, చోటుకు. రెండో చోటుకి ఏది వస్తే అదే రెండు."

సదానందానికి ఒళ్లు మండింది. మగ్గం మీద పోగు చోటు తప్పితే బట్ట పాడవుతుంది. తప్పిన పోగును వెతికి దాని చోట పెట్టడమే ఇన్నేళ్లూ అతని పని.

"గిదేం పని అమ్మా, దేనికీ ఓ జాగ లేదు" అని గొణుగుతూ నంబర్లు పీకేశాడు.

సాయంత్రానికి వరసగా ఏడు పడ్డాయి. ఎనిమిదోది చెడింది. మళ్లీ మొదలుపెడితే మూడోదే చెడింది.

చిన్న దిండు పక్కకు నెట్టేసి జమున దిండు ముందుకు లాక్కున్నాడు. మౌక్తిక అడ్డు చెప్పబోయింది. అతను అల్లలేదు. లేసు చివర వేలాడుతున్న పన్నెండు దారాలనూ రెండేసి చొప్పున, మగ్గం మీద తెగిన పోగుకు వేసే ముడి వేసి కత్తిరించాడు. ఆరు ముడులూ ఒక్కసారికే పడ్డాయి.

"నాలుగు వేళ్లు తక్కువైతది. ఆ ఖాళీ మెడ ఎనకకు జరిపి కుట్టిస్త" అన్నాడు. సూదులు ఒక్కొక్కటే పీకుతూ, "పుల్లలాట గాదమ్మా గిది" అన్నాడు.