కొంగు ముడి విప్పేదాకా

మా మామ పోయారు. మొన్న మంగళవారం పొద్దున జొన్న గటక తాగి, మంచం మీద వెనక్కి వాలి, మళ్ళీ లేవలేదు. కబురు విని వచ్చినవాళ్ళు దండం పెట్టి, ముఖం చూసి, ఆ తర్వాత ఆయన చేతుల వంక చూశారు. నాకు ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది. బావుల్లో బండలు పేల్చి బతికిన మనిషి ముసలివాడై, సొంత ఇంట్లో, మంచం మీద, పది వేళ్ళతో పోవడం మా వనపర్తి దిక్కున అరుదు. వాళ్ళు చూసింది ఆ వేళ్ళనే.

ఆయన పని తెలియనివాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. మా దిక్కు నేల పైన మట్టి, కింద బండ. రైతు బావి తవ్వుకుంటూ పోతే కొంత లోతుకే గడ్డపార ఖంగుమంటుంది. అప్పుడు మా మామకు కబురొచ్చేది. ఆత్మకూరు నుంచి నాగర్‌కర్నూలు దాకా ఆయన దిగని ఊరు తక్కువ. బండకు ఉక్కు చువ్వతో బెజ్జాలు వేసి, మందు కూరి, వత్తి పెట్టి, మట్టి దట్టించి, అంటించి పైకి రావడం. వినడానికి ఇంతే. వయసులో రైలుకట్ట పనికి కూలికి పోయి అక్కడ నేర్చుకున్నారట. ఆ పని ఆయనకు తిండి పెట్టింది, చెవులు తీసుకుంది. నేను కాపురానికి వచ్చేనాటికే వెనక ఇత్తడి బిందె జారిపడ్డా తిరిగి చూసేవారు కాదు.

నా కష్టం అక్కడే మొదలైంది. మాది గద్వాల. కోడలు మామ ముందు గొంతెత్తకూడదని, ఏదైనా తలుపు చాటు నుంచే చెప్పాలని మా అమ్మ చెప్పి చెప్పి పంపింది. వచ్చిన తొలిరోజు తలుపు చాటు నుంచి "మామా, అన్నానికి రండ్రి" అన్నాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. మళ్ళీ అన్నాను. వంటింట్లోంచి మా అత్త నవ్వుతూ, "గట్ల కాదే పిల్లా, పక్కింటోళ్ళు గూడ లేచి రావాలె, గట్ల పిలువు" అంది. వారం తిరక్కముందే వాడకట్టు మొత్తానికి నా గొంతు తెలిసిపోయింది. మామ మాత్రం సంబరపడ్డారు. "ఈ పిల్ల మాట నాకు మంచిగ ఇనొస్తది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నారు. ఆ పొగడ్తను పుట్టింట్లో ఎలా చెప్పుకోవాలో నాకు తెలియలేదు.

మనిషి నిదానం. కల్లు మీద ఇష్టం ఉండేది కానీ పని ఉన్న రోజుల్లో ముట్టేవారు కాదు. వత్తులను పాత దుప్పటి గుడ్డలో చుట్టి, జొన్నల కుండలో దాచేవారు, తేమ తగలకుండా. వాటిని తాకకుండా జొన్నలు తీయడం నాకు రోజూ ఒక పరీక్ష. రైతులు తొందరపెడితే, "తొందరున్నోడు ఇంటికాడ ఉండాలె, బాయికాడ కాదు" అనేవారు. సుత్తె పట్టినవాళ్ళు అలిసిపోయి బండను తిడితే, "దానికి కోపం లేదు గద, నీకెందుకు" అని పక్కన కూర్చోబెట్టి మజ్జిగ పోయించేవారు.

వినపడని మనిషి పేలుళ్ళ లెక్క ఎలా చూసేవారని మీరు అడగవచ్చు. అది మా అత్త పని. ఎన్ని బెజ్జాలలో మందు కూరితే అన్ని ముడులు ఆమె కొంగుకు వేసుకునేది. వత్తులు అంటుకోగానే మగవాళ్ళంతా పరుగు. అత్త అంతకు ముందే దూరంగా ఒక రాతిగుండు చాటున కూర్చుని కళ్ళు మూసుకునేది. ఒక్కో మోతకు ఒక్కో ముడి విప్పేది. అన్నీ విప్పాక కొంగు దులిపి చూపిస్తే మనుషులు దిగేవారు. ఒక్క ముడి మిగిలినా ఆ రోజు బావిలో ఎవరూ కాలు పెట్టకూడదు. పేలని మందు కింద కాచుకుని ఉన్నట్టే. మరుసటి రోజు మామ ఒక్కరే దిగి, నీళ్ళు పోసి దాన్ని చంపేవారు. ఇంత బరువైన పని ఆడమనిషికి ఎందుకిచ్చారని ఒకసారి అడిగాను. "ఉరికెటోడు లెక్క పెడ్తడా బిడ్డా? కూసున్నోళ్ళే పెట్టాలె" అన్నారు.

అత్త జ్వరంతో పోయింది. ఆ తర్వాత ముడులు వేయడం నా పాలికి వచ్చింది.

పాన్‌గల్ దగ్గర ఒక రైతు బావి. ఎండలు ముదిరాయి, పశువులకు నీళ్ళు లేవు, ఇంకొక్క పొర తీస్తే ఊట పడుతుందని రైతు బావి చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. మందు పేలింది. పొగ తగ్గింది. నా కొంగున ఒక ముడి మిగిలింది.

"ఒకటి పేలలే" అన్నాను. ఎవరూ వినిపించుకోలేదు. మా ఆయన అప్పటికే నడుముకు మోకు చుట్టుకుంటున్నారు. తండ్రి దగ్గర పని నేర్చుకుంటున్న రోజులవి, దూకుడు ఎక్కువ. ఇంకోసారి చెబితే, "అన్నీ పేలినయి, అందరం ఇన్నం. నువ్వే బుగులుకు ఒకటి ఇడిచిపెట్టినవ్" అన్నారు. "ఆడిపిల్ల మాటకు పని ఆపుతరా? నా గొడ్లు సావాల్నా?" అని రైతు అందుకున్నాడు. కూలివాళ్ళు నవ్వారు.

నిజంగానే ఒకటి వదిలేశానేమో అని నాకే అనుమానం పట్టుకుంది. మా ఆయన గట్టు మీద నుంచి ఒక కాలు లోపలికి వేశారు. అంతే, వాడకట్టును లేపే నా గొంతు దానంతటదే బయటపడింది.

"మామా! ముడి ఉన్నది! ఒకటి పేలలే!"

అంతమంది మగవాళ్ళ ముందు అరిచాను. మామ తిరిగి చూశారు. నా దగ్గరికి వచ్చి, కొంచెం దూరంలోనే ఆగి, వంగి కొంగు చూశారు. ఒక్క ప్రశ్న అడగలేదు. వెళ్ళి కొడుకు నడుముకున్న మోకు విప్పి, చుట్టగా చుట్టి, దాని మీద కూర్చున్నారు.

"రేపు" అన్నారు.

రైతు అరిచాడు. చెవిటి మనిషి మీద అరిచి ఏం లాభం? కాసేపటికి అలిసిపోయి కావడి ఎత్తుకుని వాగు చెలిమె దగ్గరికి నీళ్ళకు పోయాడు. మా ఆయనకు నా మీద అలక. ఆ పూట సద్ది కూడా నన్ను అడగకుండా తండ్రి ద్వారా అడిగించుకున్నారు. వినపడని మనిషి మధ్యవర్తి అయితే ఆ రాయబారం ఎలా నడుస్తుందో మీరే ఊహించుకోండి. కారం అడిగితే గంప వచ్చింది.

మరుసటి రోజు పొద్దెక్కాక మామ నీళ్ళ కుండతో ఒక్కరే దిగారు. మమ్మల్ని దూరంగా నిలబెట్టారు. చాలాసేపు అలికిడి లేదు. ఆ కాసేపూ నేను పడిన యాతన ఇప్పటికీ గుర్తుంది. కింద మందు ఉంటే ఆయన ప్రాణానికి ముప్పు. లేకపోతే ఇక ఆ ఇంట్లో, ఆ పనిలో నా మాటకు విలువ లేదు. ఉండాలని మొక్కుకోవాలో, ఉండకూడదని మొక్కుకోవాలో తెలియక, ఊరికే దేవుడా దేవుడా అన్నాను.

మామ పైకి వచ్చారు. చేతులకు, ముఖానికి బురద. అందరికీ వినపడేట్టు, "ఉండె. నీళ్ళు పోసి తీసేసిన. పిల్ల చెప్పిందే నిజం" అన్నారు.

రైతు తలపాగా తీసి మళ్ళీ కట్టుకున్నాడు. మా ఆయన నా వైపు చూడలేదు కానీ, ఆ పూట సద్ది నన్నే అడిగారు. అప్పటి నుంచి మా బృందంలో నా మాటకు ఎదురు లేదు. నేను తల అడ్డంగా ఊపితే చాలు, ఎంత దూకుడు మీద ఉన్నా మోకు కింద పెట్టేవారు. కొత్తగా వచ్చిన కూలివాళ్ళకు పాన్‌గల్ కథ మా ఆయనే చెప్పేవారు, కొంచెం మసాలా కలిపి.

కొన్నేళ్ళ తర్వాత కొల్లాపూర్‌లో ఒక మామిడితోట బావి. ముందు రోజు ముసురు పట్టింది, గాలిలో తేమ. మోతలు ఆగాక ఒక ముడి మిగిలింది. మా ఆయన గట్టు మీద ఉన్నారు. "ఆగుండ్రి" అన్నాను, అంతే, అరవలేదు. ఆయన మారు మాట లేకుండా వెనక్కి వచ్చి, నా పక్కన చెట్టు కింద కూర్చున్నారు. తువ్వాలతో మెడ తుడుచుకుంటున్నారు. అప్పుడు పేలింది. తేమ పట్టిన వత్తి లోపల మెల్లగా కాలుతూ వచ్చి ఉంటుంది. రాళ్ళు చెట్ల పైదాకా లేచాయి. తోటలో పచ్చికాయలు టపటపా రాలాయి. మా ఆయన ఒడిలో పడ్డ కాయను చేతిలోకి తీసుకుని చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయారు. మామ వచ్చి కొడుకు నెత్తి మీద చెయ్యి పెట్టారు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను.

పోయిన చలికాలం, వాకిట్లో ఎండకు కూర్చుని నేనూ మామా విత్తనానికి పల్లికాయ ఒలుస్తున్నాం. ఆయన పని మానేసి అప్పటికే కొంతకాలం. ఉన్నట్టుండి, "పాన్‌గల్ బాయి యాదికున్నదా బిడ్డా?" అన్నారు.

"ఎందుకు లేదు మామా!"

"ఆడ మందు లేకుండె."

నా చేతిలో కాయ ఆగిపోయింది. ఆయన ఒలుస్తూనే ఉన్నారు. "రెండు ఒక్కసారే పేలినయి. నీకు ఒక్కటే ఇనొచ్చింది. దిగి చూస్తె బెజ్జాలన్ని పేలి ఇచ్చుకొనే ఉండె. నీళ్ళు పోసెతందుకు ఏం లేకుండె. ఊకె కూసుండి, ఇంత బురద పూసుకొని వచ్చిన."

"మరి ఉండెనని ఎందుకు చెప్పిండ్రి?" పక్కింటివాళ్ళకూ వినపడేట్టు అడిగాను.

"లేదని చెప్తె నువ్వు ఇంగెన్నడన్న నోరు తెరుస్తుంటివా? తెరిచినా వాడు ఇంటుండెనా? కొల్లాపూర్ల ఆగుతుండెనా?"

నా లెక్క తప్పని తెలిసిన రోజున నాకు సిగ్గు రావాలి. రాలేదు. నా తప్పును తన బురదతో కప్పి, నా మాటను నిలబెట్టిన మనిషి ఎదురుగా కూర్చుని ఉన్నాడన్న సంతోషం ఒక్కటే వచ్చింది. కళ్ళు తుడుచుకుంటుంటే ఆయన ముసిముసిగా నవ్వుతూ, "వానికి ఇప్పుడే చెప్పకు. నేను పోయినంక చెప్పు. లేకుంటె కొట్లాటకొస్తడు" అన్నారు. దానికి నాకు నవ్వాగలేదు. ఆయనకూ ఆగలేదు. తన నవ్వు తనకు వినపడదు కాబట్టి మామ నవ్వితే ఇల్లు అదిరేది.

ఆ మోతకు మా ఆయన పెరట్లోంచి వచ్చారు. "ఏందే, ఏమైంది?" అన్నారు. మామ నా వైపు చూపించారు, నేను మామ వైపు చూపించాను. "ఇద్దరికీ మతి పోయింది" అంటూ ఆయన కుండలో నీళ్ళు ముంచుకుని, అక్కడే నిలబడి, తల వెనక్కి వాల్చి తాగసాగారు. మామ నవ్వు ఆపి, ఒలవని పల్లికాయ వేళ్ళ మధ్య పట్టుకుని, కొడుకు గుటకలు వేయడం చూస్తూ ఉండిపోయారు. నేనూ చూస్తూ ఉండిపోయాను.